ఇంజను కొండెక్కిన రోజు

మా అమ్మాయి ఈ మధ్య కొన్న కారుకు ఒక పాడు అలవాటుంది. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి ఆపితే చాలు, ఎవరినీ అడగకుండా ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. కాలు తీయగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలవుతుంది. పెట్రోలు ఆదా కోసమట. ఆ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. పోయిన నెల ఒక ఆదివారం అమ్మను పక్కన, అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని, చాంద్రాయణగుట్టలో ఉండే మా మేనత్తను చూడటానికి బయలుదేరాను. ఫలక్‌నుమా గుట్ట దిగాక ఎర్ర లైటు పడింది. బండి ఆపాను. ఇంజను చప్పుడు ఠక్కున ఆగింది. అంతే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న నా ఎడమ కాలు కూడా లేచొచ్చి కుడి కాలి పక్కన బ్రేకు మీద కూర్చుంది. వీపును సీటుకు ఆనించి, పళ్లు బిగించి, రెండు కాళ్లతో తొక్కుతున్నాను. పక్కన అమ్మ తలుపు పిడి పట్టుకుని, గొంతు తగ్గించి, "కొండెక్కిందా?" అని అడిగింది.

"ఏ కొండ అమ్మమ్మా? మనం దిగినం గదా," అంది వెనక నుంచి మా అమ్మాయి.

అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మకు నవ్వు ముందు భుజాల్లో మొదలవుతుంది, నోటిదాకా రావడానికి కాస్త టైము పడుతుంది. నాకు అంత ఓపిక లేదు. స్టీరింగు మీద తల పెట్టి నవ్వుతూనే ఉన్నాను. పచ్చ లైటు పడిందట, మేం చూడలేదు. వెనకాల ఆటో అతను హారను కొట్టీ కొట్టీ విసిగిపోయి, "అమ్మా, ఇంటికి పోయి నవ్వుకోరాదుండ్రి!" అని అరిచాడు. మా అమ్మాయి దారంతా అడుగుతూనే ఉంది, ఏందే, ఏం కొండ, చెప్పరాదే అని. ఒక్క ముక్కలో చెప్పే కథ కాదు. మా బాపమ్మ నోటి సంగతి తెలియకపోతే అసలు అర్థమే కాదు.

మా దుకాణం లాడ్ బజార్‌లో, ఇల్లు జహనుమాలో. మాది మట్టిగాజుల టోకు వ్యాపారం. పేరుకే మట్టి, అంతా గాజే. అందుకే మా ఇంట్లో ఏ పనైనా మెల్లగా జరిగేది. తలుపులు మెల్లగా వేసేవాళ్లం, గిన్నెలు మెల్లగా దించేవాళ్లం, కోపం వచ్చినా మెల్లగానే తిట్టుకునేవాళ్లం. ముందు గదిలో నేల మీద గడ్డి పరిచి, దాని మీద కాగితం చుట్టిన గాజుల కట్టలు పేర్చి ఉండేవి. వానాకాలంలో ఆ గడ్డి వాసన, వంటింట్లోంచి చింతపండు పులుసు మరుగుతున్న వాసన కలిసి వస్తే, అదే మా ఇంటి వాసన అనుకునేదాన్ని. దుకాణానికి వెళితే ఇంకో వాసన. అటూ ఇటూ లక్కగాజులు చేసేవాళ్లు బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించేవాళ్లు. ఆ వాసన మా నాన్న చొక్కాలకు పట్టి ఇంటిదాకా వచ్చేది, ఆయన్ని మేం బాపు అనేవాళ్లం. బాపు వీధి మలుపులో ఉండగానే నాకు తెలిసిపోయేది అని నేను గొప్పలు చెప్పుకునేదాన్ని. నిజానికి ఆయన దగ్గు ముందు వినిపించేది.

ఇంటికీ దుకాణానికీ కలిపి పెద్ద బాపమ్మే. బాపును కన్న తల్లి. ఆడవాళ్ల చెయ్యి ఒక్కసారి పట్టుకుంటే చాలు, సైజు చెప్పేసేది. "నీకు రెండు-ఆరు పడతది బిడ్డా, రెండు-నాలుగు అని ఎవరు చెప్పిండ్రు, పెండ్లప్పటి ముచ్చట ఇంకా యాది పెట్టుకున్నవా?" అని నవ్వుతూనే వాత పెట్టేది. చాయ్‌ను సాసరులో పోసుకుని, ఊదుకుంటూ, బజారులో వచ్చే పోయే చేతుల్ని చూస్తూ కూర్చునేది. ఆమె చేతులు మాత్రం బోసిగా ఉండేవి. తాతను నేను చూడలేదు. మా మేనత్త పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడే ఆయన కాలం చేశాడు. ఆ రోజు ఆమె చేతులకు ఏం జరిగిందో ఆమె ఎన్నడూ చెప్పలేదు. చెప్పనిది దాని గురించి మాత్రమే కాదు. అసలు చెడ్డ మాట ఏదీ ఆ నోట్లోంచి బయటికి వచ్చేది కాదు.

దీపం ఆరిపోయింది అని మన ఇళ్లల్లో ఎవరూ అనరు, కొండెక్కింది అంటారు. బియ్యం అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. అందరి ఇళ్లల్లో ఉండే మాటలే. మా బాపమ్మ వాటితో ఆగలేదు. ఇంట్లో ఆగిపోయేది ఏదైనా సరే, గడియారమైనా, రేడియో అయినా, కొండెక్కేది. అయిపోయేది ఏదైనా నిండుకునేది. ఒకసారి మా మెకానిక్ సత్తార్ భాయ్ ఇంటికొచ్చి, బాపు స్కూటర్‌లో ఆయిలు సంగతి అడిగితే, "నిండుకున్నది నాయినా" అంది. ఆయనకు తెలుగు వచ్చినంతలో అర్థం చేసుకుని, నిండుగా ఉందనుకుని, మాషా అల్లా అని వెళ్లిపోయాడు. ఆ స్కూటరు వారం తిరక్కుండానే కొండెక్కింది. ఇక గాజుల సంగతి చెప్పనక్కర్లేదు. పగిలింది అనే మాట మా గడప లోపల వినపడకూడదు. గాజు పెరిగింది అనాలి. సరుకు వచ్చిన రోజున అమ్మ కట్టలు విప్పుతూ, "అత్తమ్మా, దీంట్ల నాలుగు పెరిగినయ్" అంటే, నాలుగు ముక్కలయ్యాయని అర్థం. లాడ్ బజార్ కూడా ఆమెకు తగ్గట్టే ఉండేది. అక్కడ పొద్దుగూకితే ఎవరూ దుకాణం మూయరు, "దుకాన్ బఢావ్" అంటారు, అంటే పెంచమని. సాయంత్రానికి బజారంతా దుకాణాలు పెంచుకుని ఇళ్లకు వెళ్లిపోయేది.

ఇలాంటి ఇంటికి బాపు వ్యాను తెచ్చాడు. అంతకు ముందు సరుకంతా సైకిల్ రిక్షాల మీదే వచ్చేది. రిక్షా గుంతలో పడ్డ ప్రతిసారీ బాపు ప్రాణం గిలగిలలాడేది. ఎప్పటికైనా సొంత బండి కొనాలని ఆయన కోరిక. పెళ్లికి ముందు నుంచీ ఉన్న కోరికట. ఏదో విదేశీ కంపెనీ ఇక్కడికొచ్చి, పని ముగించుకుని పోతూ పోతూ వదిలేసిన వ్యాను అది. బూడిద రంగు, ఏనుగంత ఒళ్లు. దాన్ని మా గల్లీలోకి తిప్పడానికి ఇద్దరు పొరుగువాళ్లు తమ అరుగుల మీది పూలకుండీలు లోపల పెట్టుకోవాల్సి వచ్చింది. బాపు దిగి, తలుపు మీద చెయ్యి వేసి, చుట్టూ చేరిన జనంతో, "పవర్ బ్రేకు!" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. ఆ రెండు మాటలు చాలన్నట్టు నిలబడ్డాడు.

బాపు డ్రైవింగు నేర్చుకుంది ఒక దోస్తు దగ్గరున్న పాత జీపు మీద. ఆ జీపు ఒక్కసారి బ్రేకు తొక్కితే ఆగేది కాదు. తొక్కాలి, వదలాలి, మళ్లీ తొక్కాలి. కుట్టు మిషను తొక్కినట్టు తొక్కుతూ పోతే ఎక్కడో ఒకచోట బ్రేకు దొరికేది. వాలు వస్తే ఇంజను ఆపేసి, గేరు తీసేసి, ఊరికే దొర్లుకుంటూ దిగడం కూడా ఆ దోస్తే నేర్పాడు. "దేవుడు వాలు ఇచ్చినంక పెట్రోలు ఎందుకు వేస్ట్ జేసుడు?" అని వాళ్ల వాదన. ఆ రెండు విద్యలూ బాపు కాళ్లలోకి దిగిపోయాయి. ఇప్పుడీ వ్యానులో పెడలు మీద కాలు ఆనిస్తే చాలు, అంత పెద్ద ఒళ్లూ కదలకుండా నిలబడేది. "మక్కన్ లెక్క, ఎన్నపూస లెక్క దిగుతది! పంపు ఉంటది లోపల. ఇంజను తిరిగితే నూనెను ఒత్తుతది, ఆ ఒత్తుడు మన కాలికి సాయం. స్టీరింగుకు గూడ అదే పంపు," అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. కొందరి కాలు పట్టుకుని మరీ పెడలు మీద పెట్టించేవాడు. చుట్టాలు చాయ్ తాగడానికి వచ్చి, బ్రేకు తొక్కి వెళ్లేవాళ్లు.

బాపమ్మ ఒక్కతే ఎక్కలేదు. అరుగు మీద నిలబడి, "పవర్ తోని నడిచే బ్రేకు అంటున్నవ్. మరి పవర్ పోతే?" అంది. ఆమె లెక్కలో పవర్ అంటే కరెంటే. బాపు నవ్వాడు. "బండ్ల పవర్ పోదే అమ్మా. గిది మన జహనుమా కాదు." అందరూ నవ్వారు. బాపమ్మ నవ్వలేదు. అందరి ముందూ షరతు పెట్టింది. "సరే. సరుకు దీంట్ల తీస్కపో. కానీ ఒక్కటంటే ఒక్క గాజు పెరిగినా బండి వాపస్. మల్ల రిక్షాలే." బాపు తల ఊపాడు. బాపమ్మ మాటంటే మాటే. ఆమె కాదన్న రోజున ఆ వ్యాను గల్లీలో నిలవదని ఆయనకు తెలుసు. ఆ రోజు నుంచి మా బాపు డ్రైవరు సీటులో కూర్చుంటే పెళ్లిపీటల మీద కూర్చున్నవాడిలా బిగుసుకుని ఉండేవాడు. రోజులు గడిచాయి. చాలా గాజులు ఆ వ్యానులో వచ్చాయి, పోయాయి. ఒక్కటీ పెరగలేదు.

ఇంతలో మా మేనత్తకు శ్రీమంతం కుదిరింది. వచ్చిన ఆడవాళ్లందరికీ తొడగడానికి గాజులు పుట్టింటి నుంచి వెళ్లాలి, ఆమె పుట్టిల్లే గాజుల ఇల్లాయె. బాపమ్మ స్వయంగా ఏరింది, ఆకుపచ్చవి, పసుపుపచ్చవి, బంగారు గీత ఉన్నవి. తన కూతురి శ్రీమంతానికి తను వెళ్లక తప్పదు. వ్యాను ఎక్కకా తప్పదు. ముందు రోజు సత్తార్ భాయ్ వ్యానును చూసి వెళదామని ఇంటికొచ్చాడు. బాపు దుకాణంలో ఉన్నాడు. సత్తార్ భాయ్‌కి బాపు జీపు విద్యలు తెలుసు కాబట్టి, బాపమ్మతో గట్టిగా చెప్పి వెళ్లాడు: "అమ్మా, ఇంజన్ బంద్ కరే తో బ్రేక్ సఖ్త్ హోజాతా. ఢలాన్ పే బంద్ నక్కో కరో, బోల్ దేనా రాజన్న కో." ఇంజను బందైతే బ్రేకు గట్టిపడుతుంది, వాలు మీద బందు చేయొద్దని రాజన్నకు చెప్పమని. రాజన్న అంటే మా బాపు.

నేను అక్కడే కూర్చుని గడ్డి సర్దుతున్నాను. ఆయన చెప్పింది విన్నాను. బాపమ్మకు బాగానే అర్థమైంది కూడా. సాయంత్రం బాపు కాళ్లు కడుక్కుంటుంటే తువ్వాలు అందిస్తూ కబురు చెప్పింది. శుభకార్యానికి ముందు రోజు, బండి గురించి, బంద్ అనే మాట ఆమె నోట ఎలా వస్తుంది? "సత్తార్ వచ్చిపోయిండు రా. ఇంజను కొండెక్కితే బ్రేకు గట్టిపడతదట. నీకు చెప్పమన్నడు," అంది. రెండో ముక్క బందు అనకుండా చెప్పడం కుదరక మింగేసింది. బాపు మొహం వెలిగిపోయింది. "అవునే? గుట్ట ఎక్కితే ఇంకా గట్టిగైతదా? ఏం బండే అమ్మా అది!" అని తల తుడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. తన మాట వినిపించుకున్నాడని బాపమ్మకు సంతోషం. రేపు ఫలక్‌నుమా గుట్ట ఎక్కే దిగే దారి, అక్కడ బ్రేకుకు రెండింతల బలం వస్తుందని బాపుకు సంతోషం. నాకైతే ఇద్దరి మాటలూ సరిగ్గానే ఉన్నట్టనిపించాయి.

పొద్దున్నే బయలుదేరాం. బాపు పక్కన అమ్మ, వెనక సీటులో బాపమ్మ, నేను, మా మధ్య గడ్డిలో గాజుల డబ్బాలు. బాపమ్మ ఒక చెయ్యి డబ్బాల మీద, ఒక చెయ్యి నా మోకాలి మీద వేసి కూర్చుంది. మోకాలిని కాపాడుతోందో, డబ్బాలను కాపాడుతోందో తెలియకుండా రెండింటినీ ఒకే బలంతో నొక్కుతోంది. వ్యాను గుట్ట ఎక్కింది. పైన గాలి చల్లగా తగిలింది. కింద ఊరంతా ఎండలో మెరుస్తోంది. బాపమ్మ మోకాలి మీది చెయ్యి కాస్త సడలించి, "మంచిగనే ఉన్నది రా," అంది. ఆ ఒక్క మాట కోసం బాపు ఎన్ని నెలలుగా చూస్తున్నాడో. ఆనందంతో ఆయన ఏం చేశాడంటే, తాళం తిప్పి ఇంజను ఆపేసి, గేరు తీసేశాడు.

చప్పుడు ఆగింది. వ్యాను దొర్లడం మొదలుపెట్టింది. మొదట హాయిగానే ఉంది. బాపు ఒకసారి బ్రేకు తొక్కాడు, మక్కన్ లాగే దిగింది. అలవాటు కొద్దీ వదిలి, మళ్లీ తొక్కాడు. మళ్లీ వదిలాడు. ఆ పంపు ఆగిపోయినా, రెండు మూడు తొక్కులకు సరిపడా ఒత్తిడిని లోపల ఎక్కడో దాచి ఉంచుతుందట, ఆపదకు అక్కరకొస్తుందని. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. మా బాపు ఆ దాచిన సాయమంతా జీపు విద్యతో గుట్ట మొదట్లోనే ఖర్చు పెట్టేశాడు. తర్వాత పెడలు మీద కాలు పెడితే బండరాయి మీద పెట్టినట్టే. స్టీరింగు కూడా పిండి విసిరే తిరగలిలా బరువెక్కింది.

"అరే, బ్రేకెయ్యి రా!" అంది బాపమ్మ.

"ఏస్తున్ననే అమ్మా! గట్టిగున్నది!"

"గట్టిగైతదని నేను చెప్పలే?"

"గట్టిగుంటే ఆగాలె గదనే!"

వ్యానుకు ఈ వాదన పట్టలేదు. వేగం పెరుగుతోంది. అమ్మ కళ్లు మూసుకుని దేవుళ్ల పేర్లు చదువుతోంది. తాళం మళ్లీ తిప్పాలన్న సంగతి మాలో ఒక్కరికీ తోచలేదు. బాపు సీటులోంచి సగం లేచి, రెండు కాళ్లూ పెడలు మీద పెట్టి, తల పైకప్పుకు ఆనించి నిలబడ్డాడు. "ఆ కట్టె గుంజు! గుంజు!" అని అమ్మ మీద అరిచాడు. కట్టె అంటే హ్యాండ్ బ్రేకు. అమ్మ అంతకు ముందు దాన్ని ముట్టుకుని ఎరగదు. రెండు చేతులతో పట్టుకుని, బావిలోంచి నీళ్లు తోడినట్టు గుంజింది. చెప్పుకోవాలంటే వ్యాను నిజంగానే మాట విన్నది. ఒక్కసారిగా కాదు, గొణుక్కుంటూ, మూలుగుతూ, రోడ్డు పక్కకు ఒరిగి, ఒక బర్రెల కొట్టం ముందు ఎండబెట్టిన పిడకల గూడులోకి ముక్కు పెట్టి, మెత్తగా నిలబడింది. పైనున్న పిడకలు నాలుగు ముందు అద్దం మీదికి జారాయి.

ముందుగా మాట్లాడింది బాపు. సీటులోకి కూలబడి, వెనక్కి తిరిగి, "కొండెక్కితే బ్రేకు గట్టిపడతదని చెప్పినవ్ గదనే అమ్మా," అన్నాడు. ఏడుపు గొంతు.

"చెప్పిన. ఇంజను కొండెక్కితే అని చెప్పిన."

"ఎక్కినం గదా కొండ!"

"బండి ఎక్కింది రా! ఇంజను ఎప్పుడు కొండెక్కింది? నువ్వు తాళం తిప్పినంక కొండెక్కింది!"

బాపు పిడకల్ని చూశాడు. తన తల్లి భాషలో పుట్టి పెరిగినవాడు, ఆ ఒక్క పూట ఆ భాష మరిచిపోయాడు. నాకు భయం పోయి నవ్వు మొదలైంది, బాపమ్మ మోకాలి మీద చరిచింది.

ఇంతలో కొట్టం లోంచి పిడకల యజమానురాలు వచ్చింది. మంచి ఎత్తరి మనిషి. చేతికింకా పేడ ఉంది. బండిని, అద్దం మీది పిడకల్ని, లోపల మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, "అన్నా, ఇంత రోడ్డుంది. బండి నిలుపనీకి నీకు నా పిడకలే దొరికినయా?" అంది. బాపమ్మ వెంటనే దిగింది. వ్యాపారస్తురాలు కదా, లొల్లిని ఎలా దించాలో ఆమెకు తెలుసు. "చెయ్యి కడుక్కొని రా బిడ్డా, నీకు గాజులు తొడుగుత," అంది. ఆవిడ కోపం మరిచిపోయి నీళ్ల కోసం వెళ్లింది. గాజుల కోసం డబ్బాలు తెరవాలి. అప్పుడు బాపు మొహం చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు కూడా అంత చెమట పట్టలేదు. బాపమ్మ ఒక్కో డబ్బా తీసి, కట్ట కట్టనూ చెవి దగ్గర పెట్టుకుని, మెల్లగా ఊపి వినేది. ముక్కయిన గాజు ఉంటే చప్పుడులో తెలుస్తుంది. ఒక్కో కట్ట కింద పెట్టేసరికి బాపు ఒక్కో ఊపిరి వదిలేవాడు. ఆఖరి డబ్బా కూడా అయింది. ఒక్కటీ పెరగలేదు. బాపు వ్యాను బానెట్ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకున్నాడు.

పిడకల ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముందు సీటు వైపు చూసి ఆగిపోయింది. "అయ్యో అమ్మా, నీ చేతుల గాజులన్నీ ప..." బాపమ్మ అటు దూకి ఆవిడ నోరు మూసింది. "ఆ మాట అనకు! అనకు బిడ్డా!" అప్పుడు చూశాం. అమ్మ కుడి చేతిని కొంగులో దాచుకుని ఉంది. హ్యాండ్ బ్రేకు గుంజిన గుంజుడులో చెయ్యి సీటు అంచుకు కొట్టుకుంది. చేతి నిండా ఉండే ఎర్ర గాజుల్లో ఒక్కటి మిగల్లేదు. ముక్కలన్నీ ఒడిలో ఉన్నాయి. మణికట్టు దగ్గర గీసుకుని సన్నగా రక్తం. బండి పోతుందని భయపడి అప్పటిదాకా కిందికి దిగలేదు మా అమ్మ.

బాపమ్మ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని బాపు వైపు తిరిగింది. షరతు అందరికీ గుర్తే. ఒక్క గాజు పెరిగినా బండి వాపస్. బాపుకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం. మెల్లగా, తల వంచుకుని అన్నాడు: "పెరిగినయే అమ్మా. పెరిగితే సంతోషపడాలె గానీ, వాపస్ ఎందుకిస్తరే? తగ్గితే గదా వాపస్."

నాకప్పుడు అది బాపు చిలిపితనంగానే అనిపించింది. బాపమ్మ కావాలంటే ఒక్క క్షణంలో గెలవగలదు. పెరగలేదు, పగిలినయ్ అంటే చాలు, వ్యాను ఆ పూటే గల్లీ దాటిపోతుంది. ఆమె పెదవులు కదిలాయి కూడా. కానీ ఆ గాజులు డబ్బాలోవి కావు, కోడలి చేతివి. వాటి గురించి ఆ మాట అనడమంటే, ఆ చేతికి గాజులు తొడిగించిన కొడుకు గురించి అనడమే. తన బోసి చేతుల్లో ఉన్న కోడలి బోసి చేతిని చూసింది. తర్వాత డబ్బా తెరిచి, ఆకుపచ్చ గాజులు తీసి, సబ్బు లేకుండా, నొప్పి తెలియకుండా ఒక్కొక్కటే అమ్మ చేతికి ఎక్కించింది. అంతకు ముందున్న వాటికన్నా ఎక్కువే తొడిగింది. "తక్కువ ఉండొద్దు," అంది. తర్వాత పిడకల ఆవిడకూ తొడిగి, చీర సర్దుకుని వ్యాను ఎక్కి కూర్చుంది. "నడు. నా బిడ్డ ఆడ ఎదురు చూస్తుంటది. ఈసారి తాళం ముట్టినవంటే చెయ్యి ఇరగ్గొడత." ఆమె నోట అంత చెడ్డ మాట నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

మర్నాడు సత్తార్ భాయ్ వచ్చి బండి అంతా చూసి, బ్రేకుకేం కాలేదని తేల్చాడు. "బ్రేక్ ఎక్కడికి పోలేదు రాజన్నా. సాయం పోయింది, బ్రేక్ ఉన్నది. సాయం లేనప్పుడు జోర్ నువ్వు పెట్టాలె. నువ్వు పెట్టినవ్, ఆగింది. ఫికర్ జెయ్యకు, కానీ ఇంజన్ బంద్ నక్కో." అప్పుడే ఒక పరీక్ష కూడా నేర్పాడు. ఇంజను ఆపి ఉన్నప్పుడు పెడలు గట్టిపడేదాకా తొక్కాలి. అలాగే కాలు నొక్కి పెట్టి తాళం తిప్పాలి. కాలి కింద పెడలు ఒక్కసారి కిందికి దిగి, మెల్లగా పైకి ఆనితే సాయం పనిచేస్తున్నట్టే. ఆనాటి నుంచి అది మా ఇంటి పొద్దుటి పూజల్లో చేరిపోయింది. బాపమ్మ తులసికి నీళ్లు పోసి వచ్చి అరుగు మీద నిలబడేది. బాపు బండిలో కూర్చుని తొక్కేవాడు. "దిగిందా?" అని ఆమె. "దిగిందే," అని ఈయన. దిగింది అన్నాకే ఇంట్లో చాయ్ పొయ్యి మీదికి ఎక్కేది. ఒక రోజు బాపు జ్వరంతో పడుకుంటే, బండి ఎటూ పోయేది లేకపోయినా, నన్ను పంపి తొక్కించింది. డ్రైవింగులో నా మొదటి పాఠం అదే.

ఆ వ్యాను మా దగ్గర చాలా ఏళ్లుంది, అమ్మ రెండు చేతులకూ ఆనాటి నుంచి ఆకుపచ్చ గాజులే. రంగు పోయింది, తలుపులు తుప్పు పట్టాయి, హారను ఒక వానాకాలం కొండెక్కి మళ్లీ దిగలేదు. పవర్ బ్రేకు మాత్రం ఒక్కనాడూ మోసం చేయలేదు. మాకు మాట సరిగ్గా అందనప్పుడు కూడా అది తన పని చేసింది. ఇప్పుడు మా అమ్మాయి కారు అన్నీ తానే చెబుతుంది. బెల్టు పెట్టుకోలేదంటుంది, తలుపు పడలేదంటుంది, బ్రేకులో ఏదన్నా తేడా వస్తే ముందు అద్దం కిందే ఎర్రగా రాస్తుందట. దాపరికం లేదు, పొరపాటుకు చోటు లేదు, మంచిదే. అయినా నేను పొద్దున్నే దాని బ్రేకు తొక్కి, కాలు నొక్కి పెట్టి, బటను నొక్కుతాను. మా అమ్మాయి నన్ను చూసి నెత్తి కొట్టుకుంటుంది. వంటింట్లోంచి అమ్మ, "దిగిందా?" అంటుంది.

బాపు పోయినేడాది కాలం చేశాడు. నిద్రలోనే, ఎవరికీ చెప్పకుండా. ఆ రోజుల్లో నాకు ఒకటే భయం పట్టుకుంది. పదో రోజున అమ్మ చేతులకు ఏం చేస్తారో అని. పెద్ద ముత్తయిదువలు, బాపమ్మ భాషలో భర్త పోయినవాళ్లు, కొందరు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ఎవరూ పేరెత్తడం లేదు, కానీ అందరి కళ్లూ ఆ చేతుల మీదే ఉన్నాయి. నేను లేచి గొడవ పడటానికి సిద్ధంగా ఉన్నాను, మాటలు కూడా కూడగట్టుకున్నాను. అవసరం రాలేదు. అమ్మే కొంగు సర్దుకుని, అందరికీ వినిపించేలా అంది: "నా గాజులు పెరుగుడు ఎన్నడో అయిపోయింది అక్కా. ఫలక్‌నుమా గుట్ట కింద, పిడకల ముంగట, ఆయన కండ్ల ముందటనే పెరిగినయ్. మా అత్తమ్మ తన చేతుల్తోని ఆకుపచ్చయి తొడిగి, తక్కువ ఉండొద్దన్నది. ఒక్క మనిషికి ఎన్నిసార్లు పెరుగుతయ్?"

పెద్ద ముత్తయిదువలు ఆ చేతుల మీది నుంచి కళ్లు తిప్పుకున్నారు. మా మేనత్త ఒక్కతే ఆ మూల నుంచి పక్కున నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ వెంటనే భోరున ఏడ్చింది. అమ్మ చేతులు అలాగే ఉండిపోయాయి, ఆకుపచ్చ గాజులతో, ఎప్పుడూ ఉండేదానికన్నా ఎక్కువే.

ఆ ఆదివారం ఆటో అతను అరిచాక, కళ్లు తుడుచుకుని, ముందు ఎడమ కాలు తీశాను, తర్వాత కుడి కాలు. కారు గుర్రుమని లేచింది. అమ్మ తలుపు పిడి వదిలి, గాజులు గలగలమనేలా చెయ్యి ముందుకు ఊపింది.

"కొండ దిగింది. పోనియ్యి," అంది.